మ్యాప్ మీద బొట్టుబిళ్లలు

నా చిన్నప్పుడు మా వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఒక స్కానర్ ఉండేది, ఫైర్ వాళ్లూ పోలీసులూ రేడియోలో మాట్లాడుకునేవి వినిపించే పెట్టె. షికాగోకి పడమటగా, అరోరాలో మా ఇల్లు. ఎనభైల మొదటి రోజులు. ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన పక్కింటి అమెరికన్ అంకుల్ ఇల్లు ఖాళీ చేస్తూ, సామానంతా అమ్మేసి, ఆ పెట్టెను మాత్రం ఊరికే మా అమ్మ చేతిలో పెట్టాడు. వేసవి సాయంత్రాలు ఆయన వరండాలో అది మోగుతుంటే, అమ్మ కంచె ఇవతల బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ వినేదట. ఆయనకి ఆ సంగతి తెలుసు.

నాకు దాని కిటుకు చెప్పింది కూడా ఆయనే. గాలి నిండా మాటలేనట. ఫైర్ వాళ్లది ఒక ఫ్రీక్వెన్సీ, పోలీసులది ఒకటి, రోడ్ల డిపార్ట్‌మెంట్‌ది మరొకటి. పెట్టె ముందున్న చిన్న దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతాయి, ఎవరైనా మాట్లాడుతున్న చోట ఆగుతాయి. అయితే ఆ పాత పెట్టెలో నంబరు నొక్కితే సరిపోదు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో క్రిస్టల్ అని వేలెడు కూడా లేని ముక్క కొని లోపల గుచ్చాలి. క్రిస్టల్ లేని మాట మన నెత్తిమీద నుంచే పోతున్నా దానికి వినపడదు.

అందులో ఫైర్ వాళ్ల క్రిస్టల్ ఒక్కటే ఉంది. ఇంకొకటి కొందామంది అమ్మ. నా ప్రాణమంతా పోలీసుల మీద ఉంది. దొంగల్ని తరుముతుంటే వినాలి, మర్నాడు స్కూల్లో చెప్పాలి. షాపతను కూడా అందరూ అదే తీసుకుంటారన్నాడు. అమ్మ మాత్రం రోడ్ల డిపార్ట్‌మెంట్‌దే కావాలని పట్టుబట్టింది.

"దొంగలు మనింటికి ఎప్పుడో గానీ రారు. రోడ్డు మీదికి మనం రోజూ వెళ్లాలి," అంది.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే రోడ్డు మీదికి రోజూ వెళ్లని మనిషి ఎవరంటే అమ్మే. లైసెన్స్ వచ్చి ఏడాది దాటినా గ్రోసరీ షాపు దాటి కారు పోనిచ్చేది కాదు. ఎదురొచ్చే కార్లకి అడ్డంగా ఎడమ పక్కకి తిరగాల్సి వస్తే, దానికి బదులు మూడుసార్లు కుడికి తిరిగి వచ్చేది. మా నాన్న మంచివాడే గానీ, "నీకెందుకు శ్రమ, ఆదివారం నేను తీసుకెళ్తాగా" అని ఒకే మాటతో ఆవిణ్ణి కూర్చోబెట్టేవాడు. నేను కూడా తక్కువ తినలేదు. నా ఫ్రెండ్స్ ముందు ఆవిడ డ్రైవింగ్‌ని అనుకరించి నవ్వించేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మ ఊరి మ్యాప్ తెచ్చి ఫ్రిజ్‌కి అతికించింది. పప్పు ఉడుకుతుంటే చెవి స్కానర్ మీదే. ఏ వీధి పేరు వినబడినా వెతికి పట్టుకుని, అక్కడ ఒక బొట్టుబిళ్ల అంటించేది. ఇండియా నుంచి అత్తయ్య పంపిన ప్యాకెట్లన్నీ దానికే పోయాయి. అగ్నిప్రమాదమైతే ఎరుపు, రోడ్డు మూసేసినా నీళ్లు నిలిచినా నలుపు. ఏడాది తిరిగేసరికి అరోరా మొహం నిండా బొట్లే. ఇంటికొచ్చిన స్నేహితురాలు ఇదేమిటని అడిగితే తమ్ముడి అల్లరని అబద్ధమాడాను.

ఆ తమ్ముడికి ఐదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. వాడికి ఉబ్బసం. పీల్చే మందు రెండుసార్లు ఇచ్చినా తగ్గలేదు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదాలు నల్లబడుతున్నాయి. అమ్మ అంబులెన్సుకి ఫోన్ చేసింది. అక్కడ అంబులెన్సులు కూడా ఫైర్ వాళ్లవే, మా ఊరివన్నీ హైవే మీద ప్రమాదానికి వెళ్లాయని అప్పటికే స్కానర్‌లో విన్నాం. వాళ్లూ అదే చెప్పారు, పక్క ఊరి నుంచి పంపిస్తామన్నారు. ఎంతసేపో చెప్పలేకపోయారు.

తర్వాత నాన్న ఆఫీస్‌కి చేసింది. ఆయన గొంతు నాక్కూడా వినబడుతోంది. ఈ వానలో కారు తీయొద్దు, నేను బయల్దేరుతున్నాను, కదలకుండా ఉండు అంటున్నాడు. అప్పుడే దీపం రెండో చోట ఆగింది. రైలుకట్ట కింద రోడ్డు మునిగిందని, అటు ఎవర్నీ పంపొద్దని రోడ్ల వాళ్లు మాట్లాడుకుంటున్నారు. అమ్మ ఒక్కసారి ఫ్రిజ్ వైపు చూసింది.

"మీరొచ్చే దారి మునిగిందండీ. ఇప్పుడే విన్నాను. నేనే డ్రైవ్ చేసుకుని వీణ్ణి తీసుకెళ్తున్నా. మీరు సరాసరి హాస్పిటల్‌కి రండి."

ఆయన ఇంకా ఏదో అంటుండగానే ఫోన్ పెట్టేసింది. అంబులెన్సు వద్దని వాళ్లకి ఇంకో ఫోన్ చేసి, తాళాలు అందుకుంది.

వెనక సీట్లో తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడి ఊపిర్లు లెక్కపెట్టుకుంటున్నాను. లెక్క తప్పితే వాడు చచ్చిపోతాడని నా భయం. అమ్మ వీధుల పేర్లు మెల్లగా పైకి చదువుకుంటూ నడిపింది. రైలుకట్ట వైపు కార్లు బారుగా ఆగిపోయి ఉన్నాయి. వాటికి ఒక వీధి ముందే ఎడమకి తిరిగింది. అవును, ఎడమకే. నేను ఎన్నడూ చూడని సందుల్లోంచి వెళ్లి, నది పైన పాత వంతెన దాటి, హాస్పిటల్ గుమ్మం ముందు ఆపింది. నర్సు వాణ్ణి లాక్కున్నట్టే తీసుకెళ్లింది. కాసేపటికి డాక్టరు వచ్చి, గండం గడిచిందని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని అన్నాడు.

అప్పుడు చూశాను, అమ్మ చేతులు. తాళాలు పర్సులో వేసుకోలేనంతగా వణుకుతున్నాయి. నీకు భయం పోయిందనుకున్నానే అన్నాను.

"పోలేదే. పోయేదాకా ఆగితే ఇంకా వంటింట్లోనే ఉండేదాన్ని. దారి నేర్చుకున్నాను, అంతే," అంది.

నాన్న రెండు గంటల తర్వాత నిలువునా తడిసి వచ్చాడు. తమ్ముణ్ణి చూసుకుని కళ్లు తుడుచుకున్నాక, ఏ దారిన వచ్చావని అడిగాడు. అమ్మ ఒక్కో వీధీ చెబుతుంటే మధ్యలో మాట అడ్డం వేయకుండా విన్నాడు. అలా వినడం నేను అదే మొదటిసారి చూశాను.

ఈ ఏడాది నా రిపోర్టులు చూసి డాక్టరు ఒక జబ్బు పేరు చెప్పింది. రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు కాగితం తీసుకుని ఆ జబ్బేమిటో, మందులేమిటో, ఏం అడగాలో అన్నీ చదివి రాసుకున్నాను. మా అమ్మాయి వచ్చి తీసుకెళ్తానంది. వద్దన్నాను. మొదటి రోజు ట్రీట్‌మెంట్‌కి, స్టీరింగ్ మీద చేతులు వణుకుతుండగానే, నేనే డ్రైవ్ చేసుకుని వెళ్లాను.