ఒక్క వేలితో చూపించిన నొప్పి

నాది నారాయణఖేడ్, బస్సు కండక్టర్‌ని. ఆ రోజు కంగ్టి వెళ్లే మొదటి ట్రిప్పులో కాలు పెట్టే సందు లేదు. ఉచిత టికెట్‌కు ఆధార్ కార్డు చూపించమంటే ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆమె ఆ ముడి విప్పేలోపు నా కడుపు కుడివైపు ఎవరో గోళ్లతో గిచ్చి మెలిపెట్టినట్టయింది. "అమ్మా!" అన్నాను. తనను తొందరపెడుతున్నాననుకుని ఆమె, "తీస్తున్న గదా బిడ్డా, జర ఓపిక పట్టు" అంది.

నిమిషంలో తగ్గింది, నేనూ మరిచిపోయాను. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత దానికి ఒక లెక్కంటూ లేదు. ఒక్కో వారం అసలు ఉండేది కాదు, ఒక్కో రోజు మూడుసార్లు వచ్చేది. తిన్నా వచ్చేది, తినకపోయినా వచ్చేది. వాంతులు లేవు, జ్వరం లేదు. వచ్చినప్పుడు మాత్రం నోట మాట రాదు, టికెట్ మెషిన్ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయేదాన్ని.

మా ఊళ్లో డాక్టరు కాని మనిషి లేడు. మా డ్రైవరన్న గ్యాస్ అన్నాడు. మా ఆయన డేనియల్ బండ్ల మెకానిక్, ఆయన కూడా అదే తేల్చాడు. "చాయ్ మీద చాయ్ తాగుతవ్, గ్యాస్ గాక ఇంకేమైతది?" మా అత్తమ్మ రూతమ్మ మాత్రం, "గ్యాస్ కాదు ఏం కాదు, పిల్లకు బొడ్డు జరిగింది" అని, బొడ్డు సరిచేసే ఒకామెను ఇంటికి పిలిపించింది. ఆమె ఆముదం రాసి, సరిగ్గా ఆ కుడివైపే బొటనవేలితో ఒత్తింది. నేను పెట్టిన కేక కల్హేర్ దాకా వినపడి ఉంటుంది. "చూసిండ్రా, బొడ్డు ఎంత దూరం జరిగిందో" అంది ఆమె గర్వంగా.

మొదట మా ఊరి డాక్టరు గ్యాస్ గోళీలిచ్చారు. మూడు నెలలు వాడాను. తర్వాత అల్ట్రాసౌండ్ స్కానింగ్, బ్లడ్ టెస్టులు, యూరిన్ టెస్టు. సంగారెడ్డి వెళ్లి సీటీ స్కాన్, ఎండోస్కోపీ. ఎండోస్కోపీ గొట్టం గొంతులో దిగుతున్నంతసేపూ, ఇకమీద బస్సులో ఎవరినీ కసురుకోనని దేవునికి మొక్కుకున్నాను. ఆ మొక్కు రెండు రోజులు నిలిచింది.

ఎక్కడికి పోయినా ఒకటే మాట: "అంతా నార్మల్ అమ్మా." నార్మల్ అంటే సంతోషించాలి. నాకు మాత్రం ఏడుపొచ్చేది. నార్మల్ అయితే మరి ఈ నొప్పి ఎవరిది? డిపోలో ఒకాయన నవ్వుతూనే, "సుజాతక్కా, డ్యూటీ చార్ట్ చూడంగనే నీకు నొప్పి లేస్తదట గదా?" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నొప్పికంటే ఎక్కువ నొచ్చింది.

మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా పేరు చేరింది. "సుజాతమ్మ కడుపులోని బాధను తీసివేయుము తండ్రీ" అని అందరూ మోకరించి ప్రార్థించేవారు. దాంతో నా కడుపు సంగతి తెలియనివాళ్లు ఊళ్లో మిగల్లేదు. కూరగాయలు కొనడానికి పోతే వంకాయలమ్మే ఆమె కూడా, "కడుపుల ఎట్లున్నది?" అనే అడిగేది.

ఏడాది గడిచాక ఒక ప్రైవేటు దవాఖానకు పోయాం. అక్కడ మళ్లీ స్కానింగ్ చేసి, డాక్టరు స్క్రీన్ మీద పెన్ను పెట్టి చూపించారు. "చిన్న ఫైబ్రాయిడ్ ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు గదా, గర్భసంచి తీసేస్తే పని అయిపోతది."

నాకు ముప్పై నాలుగేళ్లు. నెలసరి వేళకు వస్తుంది, వచ్చినట్టే పోతుంది. నా గర్భసంచితో నాకు ఏ తగాదా లేదు. ఇంటికొచ్చి ఆ మాటే అంటే అత్తమ్మ కొట్టిపారేసింది. "నేను తీపిచ్చుకోలేదా? ముప్పైకే తీసిండ్రు. ఏమైంది నాకు? మన గల్లీల సగం మంది ఆడోళ్లకు లేదు. ఊకె పరేషాన్ గాకు." అది కూడా నిజమే. మా గల్లీలో అదేదో పంటి నొప్పికి పన్ను పీకించుకున్నంత తేలిగ్గా చెప్పుకుంటారు.

ఏడాదిగా ఆ నొప్పికి ఒక పేరు కోసం చూసి చూసి విసిగిపోయి ఉన్నాను. మళ్లీ ఆ దవాఖానకే పోయి సరేనన్నాను. సోమవారం ఆపరేషన్ అని రాశారు. లేచి వస్తూ గుమ్మం దగ్గర అడిగాను, "దీంతోటి నా నొప్పి పోతదా సార్?" అని.

"చూద్దాం" అన్నారు ఆయన.

ఆ "చూద్దాం" నన్ను పట్టుకుంది. తీసేసినంక చూసేదేముంది? అన్నం ముందు కూర్చున్నా అదే, బస్సు ఎక్కినా అదే. భయం వేసింది, ఇంకా ఎక్కువగా కోపం వచ్చింది. శనివారం సెలవు పెట్టి, ఇంకొక్క డాక్టరుకు చూపించుకుంటానని బీదర్ బస్సు ఎక్కాను. ఎక్కడ మనసు మార్చుకుంటానోనని అత్తమ్మ నాకు కాపలా వచ్చింది.

బీదర్‌లో డాక్టరు చిన్న వయసు అమ్మాయి, ధార్వాడ్ వైపు మనిషి, తెలుగు రాదు. ఏడాదిగా చెప్పి చెప్పి నా నొప్పి కథ నోటికొచ్చేసింది. "కడుపుల నొప్పి మేడమ్, గ్యాస్ అన్నరు, బొడ్డు అన్నరు" అని ఆగకుండా అప్పజెప్పేదాన్ని. అక్కడ అది పనికిరాకుండా పోయింది. నాకొచ్చింది బస్సు కన్నడ. "ఎల్లిగె" అంటే ఎక్కడికి, "ముందె హోగ్రి" అంటే ముందుకు జరగండి, "ఇళీరి" అంటే దిగండి. ఈ మూడింటితో రోగం చెప్పుకోవడం ఎలా?

ఆమె నా ఫైలు తిరగేసి, పక్కన పెట్టి, "ఎల్లి?" అంది. అలవాటుకొద్దీ "నారాయణఖేడ్" అన్నాను. ఆమె నవ్వి, తన కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఎల్లి నోవు?" అంది, నొప్పి ఎక్కడ అని. నేను అరచెయ్యంతా కడుపు మీద తిప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఒక్క వేలు చూపించింది. "ఒందు." ఒకటి.

అత్తమ్మ పక్కనే నిలబడి చూస్తుండగా అప్పుడు వేలు పెట్టాను. బొడ్డుకు కుడిపక్క, కొంచెం కిందికి. రూపాయి బిళ్లంత చోటు. నొప్పి ఇంత చిన్న చోట ఉందని నాకే అప్పటిదాకా తెలియదు. ఆమె నన్ను పడుకోబెట్టి అక్కడే వేలితో ఒత్తింది. ఎగిరిపడ్డాను. వేలు తీయకుండా, "తలె ఎత్తి" అంది. అది ఏ భాషైనా అర్థమవుతుంది. తల ఎత్తాను. నొప్పి రెండింతలైంది. ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. నేను చస్తుంటే ఈమెకు నవ్వేంది అని ఒళ్లు మండింది.

అప్పుడే లోపలికొచ్చిన సిస్టర్ జహీరాబాద్ ఆమె. డాక్టరు మాట విని తెలుగులో చెప్పింది. "లోపటి నొప్పైతే, తల లేపంగనే కడుపు మీది కండ గట్టిగై అడ్డం నిలుస్తది, నొప్పి తగ్గాలె. నీకు ఎక్కువైంది. అంటే నొప్పి కడుపుల లేదక్కా, కడుపు మీద ఉంది. కడుపు మీది గోడల సన్న నరం ఇరికింది. లోపటి ఇల్లు మంచిగనే ఉంది."

మా దిక్కు ఎక్కడ నొచ్చినా "కడుపుల నొస్తుంది" అనే అంటాం. ఆ "ల", అంటే "లో", నేనే అన్నాను. అది విని డాక్టర్లందరూ లోపలికి వెళ్లి వెతికారు. నా సంఘం కూడా "కడుపులోని" అనే ప్రార్థించింది. ఒక్క అక్షరం నన్ను ఏడాది తిప్పింది.

ఆ జబ్బుకు ఆక్నెస్ అని పేరుందట. నా ఉద్యోగమేంటని అడిగారు. టికెట్లు కొట్టేటప్పుడు పడిపోకుండా రోజంతా కుడిపక్క సీటు రాడ్‌కు ఆనించి నిలబడతానని చేసి చూపించాను. అదీ కారణం కావచ్చు, కొందరికి ఏ కారణమూ దొరకదు అంది డాక్టరు. ఆ చోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. పావుగంటకు లేచి వంగాను, తిరిగాను, తల ఎత్తాను. నొప్పి లేదు. అక్కడే నవ్వాను, అక్కడే ఏడ్చాను.

"గర్భసంచి?" అని అడిగాను. "బేడ" అంది. వద్దు అని. ఫైబ్రాయిడ్ చిన్నది, ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకుంటే చాలంది. కన్నడలో అంత తియ్యటి మాట నేను వినలేదు.

మూడు వారాలకు నొప్పి మళ్లీ వచ్చింది. డేనియల్ బండి మసి అంటిన చేతులు తుడుచుకుంటూ, "ఇగ ఆ ఆపరేషనే చేపిద్దామా?" అన్నాడు. నేను జవాబు చెప్పకముందే అత్తమ్మ, "వద్దు" అంది. ఇద్దరం ఆమె వైపు చూశాం.

"నాకు తీసినంక గూడ నొప్పి పోలే. మూడేండ్లు అట్లనే ఉండె" అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"మరి ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"తీసినంక ఇంకేం నొప్పి అంటరని నోరు మూసుకున్న. ఎక్కడ నొస్తుందో వేలు పెట్టి చూపియ్యమని నన్ను ఎవ్వలు అడుగలే పిల్లా."

నేను ఆమె పక్కన కూర్చుని రాళ్లు ఏరాను.

మళ్లీ వస్తుందని డాక్టరు ముందే చెప్పిందట. బస్సు ఎక్కే సంబరంలో ఆ మాట నా చెవికెక్కలేదు. ఇంకో రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. ఇప్పుడు ఎనిమిది నెలలుగా నొప్పి లేదు. రాడ్‌కు పక్కను ఆనించడం మానేశాను, వీపు ఆనిస్తున్నాను. కంగ్టి ట్రిప్పు నాదే. ప్రయాణికులను మళ్లీ కసురుకుంటున్నాను. గల్లీలో ఏ ఆడమనిషి కడుపుల నొప్పి అన్నా అత్తమ్మ ఊరుకోదు, "ముందు వేలు పెట్టి చూపియ్యి" అని వెంటపడుతుంది. కొందరు ఆమెను చూసి దారి మార్చుకుంటున్నారని వినికిడి.

అందరి నొప్పీ నాలాంటిదే అనను. లోపలి జబ్బులు లోపల ఉంటాయి, టెస్టులు చేయించుకోవాల్సిందే. నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఊరు పెట్టిన పేరు చెప్పకండి. ఒక్క వేలితో చోటు చూపించండి. వాళ్లు అడగకపోయినా చూపించండి. మా అత్తమ్మను ఎవరూ అడగలేదు.