పప్పుడబ్బా వెనక మాత్రలు

చింతామణిలో డిగ్రీ చదివే రోజుల్లో పంటి చిగురు వాచి, డాక్టరు రాసిచ్చిన మాత్రలు మొదలుపెట్టాను. రెండో రోజుకే జ్వరం వచ్చి, మెడా పొట్టా ఎర్రబడి, సగ్గుబియ్యం చల్లినట్టు చీముపొక్కులు లేచాయి.

మా అవ్వ చూడగానే తీర్పు చెప్పేసింది. "అమ్మోరు పోసినాదిరా! ఇంగ మందూ మాకూ ముట్టగూడదు." పక్క మీద వేపాకు పరిచి, మాత్రలు తీసుకుపోయి పప్పుడబ్బా వెనక దాచింది.

నేను చదువుకున్నవాణ్ని కదా! అవ్వ వేపాకు కోయడానికి వెళ్లినప్పుడల్లా డబ్బా జరిపి, సైన్సు పరువు కాపాడుతూ ఒక్కో మాత్ర మింగాను. పొక్కులు నా శ్రద్ధను మెచ్చి తొడల దాకా దిగాయి.

నాలుగో రోజు కళ్లు తిరిగి పడితే నాన్న, అవ్వ కలిసి చిక్కబళ్లాపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"ఇది అమ్మోరు గాదమ్మా, ఆ మాత్ర పడకనే వచ్చిండాది," అన్నాడు డాక్టరు.

"మాత్రలు మానిపించి రెండు దినాలాయె గదప్పా!" అంది అవ్వ.

"పొద్దున కూడా మింగినా," అన్నాను గోడకేసి చూస్తూ.

"ఇంగ రెండు దినాలు మింగింటే ప్రాణం మీదికొస్తాండె," అని డాక్టరు, మాత్రలు మానమన్నందుకు అవ్వకు దండం పెట్టాడు.

పది రోజులకు పొట్టు రాలి కోలుకున్నాను. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించడానికి, ఆ మాత్ర పేరు రాసిన చీటీ ఇప్పుడు నా పర్సులోనే ఉంటుంది. "మాత్రలొద్దని నేను చెప్పలేదేమిరా?" అని అవ్వ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. సైన్సు కూడా ఆమె పక్షమే!