మైనపు బిళ్ల

నిన్న సాయంత్రం కరెంటు పోతే మా ఆవిడ కొవ్వొత్తి వెలిగించింది. కరిగిన మైనం వాసన ముక్కుకు తగలగానే నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను. ఆ వాసనకు నాకు అమ్మ గుర్తొస్తుంది, వెనకే నఫీసా మేడం గుర్తొస్తారు. ఒకరి మీద బెంగ, ఒకరి మీద కోపం. రెండూ కలిసి నన్ను ఒకచోట కూర్చోనివ్వవు.

అమ్మ పెద్దపేగులోని గడ్డను ఆపరేషన్ చేసి తీశాక, దాని ముక్కను చిన్న మైనపు బిళ్లలో భద్రపరిచారు. ఇంకో పరీక్ష వేరే ల్యాబులో చేయించాలన్నారు. బిళ్లను మేమే తీసుకెళ్లాలి. మన దగ్గర అంతే, మనిషి మంచం మీద ఉంటే ఆ మనిషి ముక్కను పట్టుకుని ఇంటివాళ్లు తిరగాలి. నడి వేసవి. మైనం కరుగుతుందేమోనని భయం. కార్వాన్ బస్తీలో పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, బిళ్లను కవర్లో చుట్టి, పాలక్యానులో ఐసు మధ్య పెట్టి, అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి తీసుకెళ్లాను.

నఫీసా మేడం ఆ ల్యాబులో పెద్ద డాక్టరు. క్యాను మూత తీసి చూసి, "ఏంది భాయ్, కుల్ఫీ తెచ్చినవా?" అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. "కోసే ముందు మేము గూడ ఐసు మీదనే పెడ్తం, ఫికర్ చెయ్యకు" అని తర్వాత అన్నారు. నవ్వినవాళ్లకు ఆ మాట వినబడలేదు. ఆ రోజు నుంచి అక్కడ నా పేరు కుల్ఫీ భాయ్.

మాకు తెలియవలసింది ఒక్కటే. ఈ జబ్బు మా వంశంలో ఉందా, లేదా? ఆస్పత్రిలో మా మేనత్త, అమ్మ వింటుండగానే, "తల్లికొచ్చింది, రేపు బిడ్డకు రాదా?" అంది. ఆమె గడప నేను మళ్లీ తొక్కలేదు. అప్పటినుంచి అమ్మ తన నొప్పి సంగతి మానేసి నా చెల్లెలు లక్ష్మి సంగతే అడిగేది. "నా కాడికెల్లి పిల్లకు రాలే గదా, శంకరూ?"

మేడం నన్ను కూర్చోబెట్టి చెప్పారు. కణం తన నకలు తీసుకునేటప్పుడు పడే తప్పులను దిద్దే జన్యువు ఒకటుందట. అమ్మ గడ్డలో అది పనిచేయడం లేదు. "దుకాణం అనుకో భాయ్. పునాదిలనే ఖరాబు ఉంటే పుట్టుకతోని వచ్చినట్టు, పిల్లలకు గూడ రావచ్చు. లేకుంటే దుకాణం మంచిగనే ఉంటది, ఎవరో షటర్ దించిండ్రు, అంతే." ఆ షటర్ పేరు మిథైల్. డీఎన్ఏ మీద వయసుతోపాటు అంటుకునే చిన్న రసాయనపు ముద్ర. అది గడ్డలో ఉండి, అమ్మ రక్తంలో లేకపోతే లక్ష్మికి భయం దాదాపు లేనట్టే.

మొదటి పరీక్షలో షటర్ దించినట్టే కనబడింది. మేడం సంతకం పెట్టలేదు. పోల్చి చూడడానికి పక్కన పెట్టిన ఆరోగ్యవంతుడి నమూనాలోనూ అట్లాగే కనబడిందట. "ఖుల్లా ఉండాల్సింది గూడ బంద్ చూపెడ్తుంది. పరీక్షల వేసే మందు సరిగ్గ పట్టలే. మళ్ల చేస్త. అప్పటిదాంక అమ్మకు చెప్పకు."

"మా అమ్మకు టైం లేదు మేడం."

"గందుకని పక్కా గాని అందాజ మాట చెప్తవా?"

చెప్పలేదు. అమ్మ అడిగినప్పుడల్లా మందుల చీటీ వెతుకుతున్నట్టు నటించాను. ఉండబట్టలేక ల్యాబు యజమానికి ఫిర్యాదు రాసి అక్కడి కౌంటరులో ఇచ్చాను. మేడం నన్ను పిలిపించారు. కాగితం ఆవిడ ముందే ఉంది. కోప్పడలేదు. పెన్ను నా చేతిలో పెట్టారు.

"'కావాలని ఆలస్యం చేస్తున్నారు' అని రాసినవ్. కావాలని చేసుడు నువ్వు చూసినవా?"

"చూడలే."

"అయితే ఆ ముక్క కొట్టెయ్. ఆలస్యం అయింది, గది సచ్. గది ఉండనియ్."

ఒళ్లు మండుతుంటే కొట్టేశాను. ఆ కాగితాన్ని ఆవిడే తీసుకెళ్లి యజమానికి ఇచ్చారు.

రెండో ఫలితం రాకముందే అమ్మ పోయింది. తర్వాత నేనూ లక్ష్మీ వెళ్లాం. గడ్డలో షటర్ దించి ఉంది, రక్తంలో తెరిచే ఉంది. ఈసారి పక్క నమూనా కూడా సరిగ్గా ఉంది. అంటే మొదటి మాటే నిజమైంది.

"గదే జవాబు గదా మేడం! మా అమ్మ విని పోతుండె" అన్నాను.

ఆవిడ రిపోర్టు మీద సంతకం పెట్టారు. "అవు భాయ్. విని పోతుండె" అన్నారు. క్షమించమనలేదు.

లక్ష్మి మాత్రం, "రెండోసారి గూడ గిదే వచ్చిందా మేడం?" అని అడిగింది. "రెండోసారి గూడ గిదే, బేటా." అప్పుడు ఏడ్చింది లక్ష్మి. అమ్మ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు.

మా గల్లీ మురికికాలువ మీద, కరెంటు మీద నేను ఇప్పటికీ అర్జీలు రాస్తూనే ఉన్నాను. 'కావాలని' అన్న మాట దగ్గర చెయ్యి దానంతటదే ఆగుతుంది. చూశానా అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు కొట్టేస్తాను. నఫీసా మేడం మీద నా ఫిర్యాదులో ఇప్పుడు మిగిలింది ఒక్క మాటే: ఆలస్యమైంది. అది నేను చూశాను. దాన్ని కొట్టెయ్యమని ఆవిడ కూడా అనలేదు.