మధ్యాహ్నం దాకా బోణీయే

ఎంబీఏ రెండో ఏడాదిలో మాకు వ్యాపార నీతి అని ఒక పేపర్ ఉండేది. క్లాసులో చాలామందికి అది కునుకు తీసే పీరియడ్. నాకు మాత్రం పండగ. చంపాపేట్ భజన మందిరంలో శ్లోకాలు వల్లెవేస్తూ పెరిగినదాన్ని. నీతికి పరీక్ష పెడితే నాకంటే ఎక్కువ మార్కులు ఎవరికొస్తాయి? వినయం గురించిన శ్లోకాలు కూడా అప్పట్లో తల ఎగరేసే అప్పజెప్పేదాన్ని.

సార్ ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. తెలిసిన కొట్టులో రోజూ జరిగే చిన్న తప్పు ఒకటి తీసుకుని రాయాలి. పదిమంది కొనేవాళ్లను అడగాలి. చివర్లో యజమాని విని సంతకం పెట్టాలి. "సంతకం లేకపోతే ఇరవై మార్కులూ పోయినట్టేనమ్మా," అన్నారు. ఆయనది గుంటూరు వైపు. మెత్తగా మాట్లాడుతూనే భయపెట్టేవారు.

నాకు తప్పు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. మా మేనమామకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో స్టీలు సామాన్ల కొట్టుంది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి పెట్టుకున్నాడు. శనివారం భజనలో తాళాలు ఆయనవే. ఐదేళ్లప్పుడు నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని మొదటిసారి మందిరానికి తీసుకుపోయిందీ ఆయనే. అంతటి భక్తుడు రోజూ స్వామి పటం కింద కూర్చుని ఒకే అబద్ధం నాలుగైదు సార్లు ఆడేవాడు.

పొద్దున్నే మొదట కొన్నవాళ్లది బోణీ. వాళ్లను ఉత్త చేతులతో పంపకూడదని ధర కొంత తగ్గించి ఇస్తారు, వాళ్లిచ్చిన నోటు కళ్లకద్దుకుంటారు. మామకు మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లందరూ మొదటివాళ్లే. "బోణీ టైమ్ అక్కా, నిన్ను వట్టిగ పంపుతనా?" అనేవాడు. ప్రతి నోటూ కళ్లకద్దుకుని పటానికి చూపించేవాడు. స్వామి ఏ రోజూ అయిదు బోణీలకు తక్కువ అందుకున్నట్టు లేదు.

మాట కూడా తపస్సేనని చెప్పే శ్లోకంతో మొదలుపెట్టి ఇంగ్లిష్‌లో తొమ్మిది పేజీలు రాశాను. ఇవ్వాల్సిన గడువుకు ముందురోజు, పదకొండు గంటలకు కొట్టుకు వెళ్లాను. మామ సంతకం పెట్టకపోతే మార్కులు పోతాయి. నొచ్చుకుని పెడితే శనివారం ఆయన ముఖం ఎట్లా చూడాలన్నది ఇంకో గుబులు.

"ఏంది కోడలా, కాయిదాలు పట్టుకొచ్చినవ్?"

"నీ మీద రాసిన మామా. సంతకం కావాలె."

"నా మీదనా!" మురిసిపోయి స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. నేను ఒక్కో పేజీ తెలుగులో చెబుతూ పోయాను. రెండో పేజీకి ఆయన నవ్వు సగమైంది. మూడో పేజీలో ఉండగా ఒకామె టిఫిన్ క్యారియర్ కోసం వచ్చింది.

మామ అలవాటుగా "బో..." అని, నా వైపు చూసి ఆగిపోయాడు. ధర మాత్రం చెప్పాడు.

"ఏందన్నా, ఇయ్యాల బోణీ అంటలేవు? రేటు పెంచినవా?" ఆమెకు నిజంగానే అనుమానం వచ్చింది.

"బోణీ అయిపోయిందక్కా."

"అయితే రెండో బోణీ అనుకో. నేను వట్టిగ పోవాల్నా?"

చివరికి రోజూ ఇచ్చే ధరకే తీసుకుపోయింది. మామ నా వైపు తిరిగి, "చదువు, చదువు," అన్నాడు.

చదివాను. "పదిమంది కొనేవాళ్లను అడిగితే ఏడుగురు మోసపోయినమన్నరు."

"ఆగు. పదిమందిని ఎప్పుడడిగినవ్? మొన్న నువ్వున్నది గంటసేపు. వాన పడుతుండె. వచ్చింది నలుగురే, నాకు యాదికున్నది."

ఆయన లెక్క నిజమే. మిగతా ఆరుగురినీ మందిరంలో హారతికి ముందు ఒక మూల కూర్చుని నేనే పుట్టించాను. నమ్మేలా ఉండాలని ఒకామెకు మోకాళ్ల నొప్పులు కూడా పెట్టాను.

మామకు విషయం అర్థమైంది. నవ్వడం మొదలుపెట్టాడు. వెనక వేలాడుతున్న గరిటెలు కదిలేదాకా నవ్వాడు. "గా ఆరుగురు నా బోణీల అసొంటోళ్లేనా కోడలా? స్వామి ముంగట కూసొని రాసినవా మళ్ల?"

నాకు నవ్వు రాలేదు. తల ఎత్తితే పటం కనిపిస్తుందని కాగితాల వైపే చూస్తూ ఉండిపోయాను.

"వాళ్లను కొట్టెయ్యి. అప్పుడు పెడత సంతకం."

"కొట్టేస్తే మార్కులు తగ్గుతయ్ మామా. ఆ నలుగురిల ముగ్గురు, 'బోణీ సంగతి మాకు తెల్వదా ఏంది' అని నవ్విన్రు. మోసమన్నది ఒక్కతే."

"మరి గదే రాయి."

అక్కడే కౌంటర్ మీద పెట్టి ఆరుగురినీ కొట్టేశాను. మోకాళ్ల నొప్పులామెను కొట్టేసేటప్పుడు కొంచెం బాధేసింది, ఆమె మాటలు బాగా కుదిరాయి. చివరి పేజీలో 'మోసం' అన్నచోట 'మోసమా?' అని మార్చాను. మామ అద్దాలు పెట్టుకుని సంతకం చేసి, కింద తెలుగులో ఒక ముక్క తనే రాశాడు: "బోణీ ఒక్కటే. సాక్షులు నలుగురే."

సార్ పన్నెండు మార్కులేశారు. పదిమందిని అడగనందుకు కోత. మామ రాసిన ముక్క కింద మాత్రం ఎర్రగీత గీసి, ఆ కొట్టు ఎక్కడని అడిగారు. ఆదివారం పదకొండింటికి భార్యతో కలిసి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఇడ్లీ పాత్ర ఎంచుకున్నాక సార్ మామ వైపు చూసి, "బోణీ బేరం ఏమైనా ఉంటుందాండీ?" అన్నారు, నవ్వు ఆపుకుంటూ.

మామ ఒకసారి నా వైపు చూశాడు. "బోణీ పొద్దుగాలనే అయింది సార్," అన్నాడు. నా ఎరుకలో, నేను కాగితాలు పట్టుకుని కూర్చోకపోయినా ఆయన ఆ మాట చెప్పడం అదే మొదలు. "అయినా మా కోడలి సార్ మీరు. వట్టిగ పంపుతనా?" అని ఎప్పటిలాగే తగ్గించి ఇచ్చాడు.

నోటు అందుకున్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి కళ్లదాకా లేచి సగంలో ఆగింది. ఏం చెయ్యాలో తోచక నా వైపే చూస్తున్నాడు.

"అద్దుకో మామా," అన్నాను. "స్వామికి తెల్వదా ఏంది."