ఇంటినిండా గుర్రాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుర్రాలుండేవి. నవ్వకండి. ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో, రెండు గదుల కంపెనీ క్వార్టర్‌లో, నిండు గుర్రం ఒకటి, గుర్రంలో పదోవంతు ఒకటి, పన్నెండోవంతులు మరికొన్ని ఉండేవి. గడ్డి అడిగేవి కావు, లద్దె వేసేవి కావు. స్విచ్చి వేస్తే వచ్చేవి, తీస్తే పోయేవి. వాటిని మా నాన్న తెచ్చి కట్టాడు. ఎందుకంటే అప్పటికి ఆ ఇంట్లో మా అమ్మ లేదు.

అమ్మ ఆ ఎండాకాలమే పోయింది. వానలు మొదలయ్యేసరికి ఆ రెండు గదులూ పెరిగి పెరిగి రాజమహలంత అయ్యాయి. వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలంటే దారిలో ఎక్కడో సత్రం చూసుకుని బస చేయాలన్నంత దూరం. నాన్న గనిలో ఎలక్ట్రీషియన్. పొద్దున్నే కంపెనీ బస్సులో కొండెక్కితే చీకటి పడే వేళకి గాని దిగేవాడు కాదు. బడి విడిచాక అప్పటిదాకా ఆ మహల్లో నేనొక్కదాన్నే. బల్లి కూసినా పులి గాండ్రించినట్టు వినిపించేది. ఒక్క గెంతులో గోడ దాటి, పక్కింటి రాయపూర్ ఆంటీ కొంగు పట్టుకునేదాన్ని.

ఆ పరుగుల కబురు రైలెక్కి, సొరంగాలన్నీ దాటి, విజయనగరంలో మా అమ్మమ్మ చెవిన పడింది. ఆవిడ తిరుగు రైల్లో వచ్చి కూర్చుంది.

"గుంటని ఒక్కర్తినీ ఒగ్గీసి డ్యూటీకెళిపోతే ఎలాగ బాబూ? నాను తీసుకుపోతాను."

నాన్న ఇంకొక్క అవకాశం అడిగాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఇంకొక్కసారి భయపడి నేను పక్కింటికి పరిగెత్తితే, మర్నాడే విజయనగరం రైలు. అమ్మమ్మ వెళ్ళిపోయాక నేను నాన్న కంచం వైపు చూశాను. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. నేను వెళ్ళిపోతే ఈ మహలంతా ఈయనొక్కడికే మిగులుతుందని అప్పుడు తట్టింది. పరిగెత్తకూడదనుకున్నాను. అనుకోవడానికేం, కాళ్ళు వినాలి కదా!

ఆ ఆదివారం నాన్న యూనిఫాం ఇస్త్రీ చేస్తూ నన్ను పిలిచాడు. "ఇదేటో తెలుసా? గుర్రం." ఇస్త్రీ పెట్టె మీద ఏడువందల యాభై వాట్లని రాసి ఉంది. ఒక గుర్రం బలమంటే ఏడువందల నలభై ఆరు వాట్లట. పాతకాలంలో యంత్రాలు కొనేవాళ్ళకి గుర్రాల లెక్క చెబితేనే అర్థమయ్యేదని, అందుకే ఇప్పటికీ మోటార్లని హార్స్ పవర్లలో చెబుతారని, వాట్లన్నా గుర్రాలన్నా బలం ఒకటేనని, కొలిచే గిన్నె మాత్రమే వేరని చెప్పాడు. తర్వాత నన్ను వెంటేసుకుని ఇల్లంతా తిరిగాడు. టేబుల్ ఫ్యాను పదో వంతు గుర్రం, అంటే ఒక తోకా గిట్టలూ అన్నమాట. ఒక్కో బల్బు పన్నెండో వంతు, అంటే రెండు చెవులూ ఒక సకిలింపూ. "ఇంతమందున్నార్రా ఇంట్లో. ఒక్కర్తివని ఎవులన్నారు?"

మర్నాటి నుంచి నేను బడి నుంచి రాగానే గుర్రాలన్నీ విప్పేదాన్ని. ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దన్నాడు కనుక నిండు గుర్రం పడుకునే ఉండేది. మిగతావాటికి పేర్లు పెట్టి, బడి కబుర్లు చెప్పేదాన్ని. ఫ్యాను అన్నిటికీ తల అడ్డంగా తిప్పేది. అయినా వినేది. కొన్నాళ్ళు పరుగుల్లేవు.

తర్వాత ఒక సాయంత్రం వాన పట్టింది. బైలడిల్లా గనుల కొండని కరిగించి టౌన్‌షిప్ మీద కుమ్మరించినట్టు వీధంతా ఎర్రగా పారుతోంది. ఉరుముకి గిన్నెలు అలమరలోంచి బయటకొచ్చి నన్ను పలకరించాయి. కరెంటు పోయింది. ఒక్కసారిగా గుర్రాలన్నీ పారిపోయాయి. నాన్న బస్సు వచ్చే వేళ దాటిపోయింది. గోడ అవతల నుంచి లాంతరు వెలుగు, ఒక్కదానివీ ఎందుకు, వచ్చేయమని ఆంటీ గొంతు. "బిటియా, ఆజా! అకేలీ క్యూఁ బైఠీ హై?"

నా కాళ్ళు అప్పటికే గుమ్మంలో ఉన్నాయి. మిగతా మనిషిని నేను లోపల బిగబట్టి ఉంచాను. "నహీ ఆంటీ, మై ఠీక్ హూఁ!" అని, బాగానే ఉన్నానని అరిచాను. మేకపిల్ల కూడా అంతకంటే ధీమాగా అరుస్తుంది.

వెనక్కి తిరిగితే గోడకి నాన్న సైకిలు. దానికి వెనక చక్రం తిరిగితే దీపం వెలిగించే డైనమో ఉంది. స్టాండు వేసి, నేలమీద కూర్చుని, పెడలు పట్టుకుని చేత్తో తిప్పాను. ముందు దీపంలో చిన్న ఎర్రటి పురుగు కదిలింది. ఇంకా తిప్పాను. పురుగు పసుపుపచ్చ అయింది, తెల్లనైంది, గోడమీద చందమామంత వెలుగు ముద్ద పడింది. ఆపితే చీకటి. అందుకని ఆపలేదు. చేయి మారుస్తూ, ఏడుస్తూ, తిప్పుతూనే ఉన్నాను. భుజం ఊడి పక్కన పడినా రెండో చేత్తో తిప్పి ఉండేదాన్ని.

నాన్న తడిసి ముద్దయి వచ్చాడు. వీధి వీధంతా చీకటిగా ఉంటే మన కిటికీలో దీపం ఎగిరెగిరి పడుతోందని, పరిగెత్తుకొచ్చానని అన్నాడు. వచ్చి నా పక్కనే నేలమీద చతికిలబడి పెడలు తను అందుకున్నాడు. నేను వెక్కుతూనే అడిగాను, నేనెంత గుర్రమని.

"ఈ దీపం మూడు వాట్లు. అంటే గుర్రంలో రెండువందల యాభయ్యో వంతు."

నా ముఖం వేలాడిపోయింది. అది తోకలో నాలుగు వెంట్రుకలైనా కాదు. నాన్న చక్రం ఇంకో చుట్టు తిప్పాడు.

"గుర్రాల్లో సిగ్గేస్తే మిల్లీవాట్లలో చెప్పుకో, వాటుకి వెయ్యి. మూడు వేలు."

"మూడు వేలా!"

"అబద్ధం కాదమ్మా. ఉన్నది ఉన్నంతే. గిన్నె మార్చాం, అంతే."

మర్నాడు ఎస్‌టీడీ బూతులో నాన్న ఫోనులో అమ్మమ్మకి చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. "అమ్మాయి ఎక్కడికీ రాదండీ అత్తయ్యా. ఇంట్లో కరెంటు తనే చూసుకుంటోంది."

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేనుండేది జగదల్‌పూర్‌లో, మూడు గదుల ఇంట్లో, ఒక్కదాన్నే. సాయంత్రమయ్యేసరికి ఆ మూడు గదులూ ఒక జిల్లా అంత పెరుగుతాయి, కలెక్టర్ని వేయాలన్నంత. అప్పుడు లేచి, టీ పెట్టుకుని, నాన్నలా గిన్నె మార్చి, ఏ అంకె తగ్గాలో ఏది పెరగాలో చూసుకుని లెక్కకి కూర్చుంటాను. నా భయాన్ని గుర్రాల్లో కొలుస్తాను, నా బలాన్ని మిల్లీవాట్లలో.