కిషన్ కట్టె

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు కాలేజీ ల్యాబ్‌లో ఇటుక బరువు చూస్తున్నాను.

"కిషన్ పోయిండన్నా" అన్నాడు వాళ్ళ తమ్ముడు.

"ఎక్కడికి?" అని అడిగాను. అంత మొద్దుబారిపోయింది బుర్ర.

మలేరియా. మామూలు జ్వరమే అనుకుని ఊళ్ళు తిరిగాడట. ఖమ్మం దవాఖానాకు తెచ్చేసరికి చేయి దాటిపోయింది.

మన బ్యాచ్ గ్రూపులో అంతా వాడి గురించి మంచి మంచి మాటలు రాస్తున్నారు. నేనూ రాద్దామనే కూర్చున్నా. కానీ నిజం చెప్పాలంటే వీడంటే నాకు కుళ్ళు. నిన్నా ఉంది, ఇవాళా ఉంది.

ఇద్దరం ఒకే గైడ్ దగ్గర రీసెర్చ్‌కి చేరాం. నాది థర్మల్ ప్లాంట్ బూడిదతో ఇటుక. వాడిది, చేలల్లో ఊరికే తగలబెట్టే పత్తి కట్టెను పొడి చేసి, మిషన్‌లో ఒత్తి, పొయ్యిలోకి దిమ్మలు చేయడం. అడవిలో చెట్టు కొట్టడం తగ్గుతుందని వాడి ఆశ.

నా పేపర్లు కాన్ఫరెన్సులకు వెళ్ళాయి. వాడు జూలూరుపాడు అవతల, అడవి అంచున ఒక కోయగూడేనికి వెళ్ళాడు.

మొదటి డెమో గుర్తుందా?

మిర్చి యార్డులో ఊడ్చి పారేసే తొడిమలు కూడా వేస్టే కదా అని దిమ్మల్లో కలిపాడు మహానుభావుడు. మిర్చి చేలో పుట్టి పెరిగినవాడు చేయాల్సిన పనేనా అది!

పొయ్యి అంటించగానే ఊరంతా దగ్గు. ముఖ్య అతిథి కళ్ళు మూసుకునే జీపెక్కాడు. నేను దగ్గుతూనే సంబరపడ్డా. వీడి పని ఖతం అనుకున్నా.

అంతలో ముత్తమ్మ అనే పెద్దామె కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "సారూ, గివి ఇంకిన్ని చెయ్యి. చేన్ల ముట్టిస్త. అడవి పందులు రావు."

చూశారా! నా ఇటుక సరిగ్గా కుదిరినా అడిగినవాడు లేడు. వీడి తప్పుకు కూడా గిరాకీ.

అదే ముత్తమ్మ నా ఇటుకను గడప కూడా దాటనివ్వలేదు. "బూడిదతోని ఇల్లేంది సారూ? అరిష్టం" అంది.

తర్వాత తొడిమలు మానేసి దిమ్మలు బాగు చేశాడు. గూడెంలో వాటికి 'కిషన్ కట్టె' అని పేరు పడింది. నా ఇటుకను నా పేరుతో పిలిచేది నేనొక్కడినే.

ఒక్క చోటే వాడు ఓడాడు. ఆ గూడెంలో ఎవరైనా పోతే ఇంటికొక కట్టె తెచ్చి చితి మీద వేస్తారు. అది అడవి కట్టే అయి ఉండాలి. వీడు ఎంత బతిమాలినా "చావుకాడ నీ మిషన్ కట్టె ఏంది?" అని కొట్టిపారేశారు. ఆ మాటెత్తి వాడిని ఎన్నిసార్లు ఏడిపించానో.

నిన్న సాయంత్రం కిషన్ వాళ్ళ తండాలో దహనం.

గూడెం ఆడవాళ్ళు ట్రాక్టర్ దిగారు. తలా ఒక దిమ్మ, కొంగులో చుట్టుకుని.

అందరికన్నా ముందు ముత్తమ్మ. తన దిమ్మ వాడి గుండె పక్కన పెట్టి, "గిది నీదే కొడుకా" అంది.

నా చేతిలో బజారులో కొన్న గంధపు చెక్క ఉంది.

ఏడుస్తూ కూడా కుళ్ళుకున్నాను రా. రేపు నేను పోతే నా ఇటుక పట్టుకుని ఎవరొస్తారు?

చితి అంటించారు. ఈసారి ఎవరూ దగ్గలేదు. కళ్ళు మాత్రం అందరికీ మండాయి.

నువ్వే గెలిచావు, పో రా కిషన్. ఇక నిమ్మళంగా ఉండు.