వేడెక్కితే ఆగే బండి

మా నాయన కుట్టుమిషన్ల ఏజెంటు. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక కొత్త మిషన్లు రావడం ఆగిపోయింది. అంతకుముందు అమ్మినవాటిని బాగుచేస్తూ తిరుపతి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. అందుకు ఆయనకొక పాత మోటారుసైకిలు ఉండేది. ఇంగ్లండు సీమకు వెళ్లిపోతున్న ఒక తెల్లదొర దగ్గర కొన్నాడు. దాని పక్కన మనిషి కూర్చునే తొట్టి ఒకటి తగిలించి ఉండేది. అందులో మిషను పెట్టుకుని వెళ్లేవాడు.

ఆ బండిలో నాకు అప్పగించిన భాగం ఒక్కటే, మాగ్నెటో. ఇంజను పక్కన పిడికిలికన్న కాస్త పెద్దదిగా ఉండే లోహపు డబ్బా. ఆ బండికి బ్యాటరీ లేదు. ఇంజను తిరిగినప్పుడు ఆ డబ్బాలోని రాగితీగ చుట్టలో కరెంటు పుట్టి, ప్లగ్గు చివర నిప్పురవ్వ పడాలి. రవ్వ పడితేనే బండి. డబ్బా మూత తీస్తే రెండు చిన్న పాయింట్లు ఎదురెదురుగా కనిపిస్తాయి. అవి కలిసి విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడు మధ్యలో పోస్టుకార్డు పట్టేంత సందు ఉండాలి. నాయనకు చత్వారం వచ్చి ఆ సందు కనిపించడం మానేసింది. అందుకని వారానికొకసారి నేనే మసి తుడిచి, సన్న గరుకుకాగితంతో పాయింట్లు రుద్ది, కార్డు ముక్క పెట్టి చూసేదాన్ని. నాకు ఆ పని ఇష్టం. అది చేస్తున్నంతసేపూ ఎవరూ నాతో మాట్లాడరు. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను.

ఆ ఎండాకాలం బండి కొత్త బుద్ధి ఒకటి నేర్చింది. పొద్దున ఒక్క తన్నుకే అంటుకునేది. కొంతదూరం పోయాక దగ్గేది, తర్వాత ఆగిపోయేది. చెట్టుకింద కాసేపు నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్లీ కదిలేది. ఒకసారి పెరట్లో బాగా వేడెక్కేదాకా ఇంజను ఆడించి, ప్లగ్గు విప్పి, ఇంజను మీద ఆనించి నాయనను తన్నమన్నాను. పొద్దున నీలంగా టిక్కుమని పడిన రవ్వ ఇప్పుడు పాలిపోయింది. ఇంకాసేపటికి అసలు పడలేదు. రాగితీగ చుట్టకు లక్క పూసి ఉంటుందనీ, వేడికి అది మెత్తబడితే కరెంటు దారి తప్పుతుందనీ పుస్తకంలో ఉంది.

"తప్పు పెట్రోలుది కాదేమో నాయనా. మాగ్నెటో వేడెక్కితే రవ్వ పడటంలా."

"కిరసనాయిలు కలిపి అమ్మతా ఉండారు పాపా. ఆ డబ్బాకేం కాలా," అన్నాడు నాయన నా వైపు చూడకుండా.

కొత్త మాగ్నెటో సీమనుంచి రావాలి. యుద్ధం అయ్యేదాకా రాదు. డబ్బా చెడిందని ఒప్పుకుంటే మా ఇంటి పొయ్యి సంగతి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కకు అప్పుడు తొమ్మిదో నెల. పీలేరు దగ్గరి పల్లెలో అత్తగారింట్లో ఉంది. అదే ఇంట్లో, అంతకుముందు ఏడాది, ఆమె పెద్ద తోడికోడలు తొలికాన్పులో బిడ్డతో సహా పోయింది. సీమంతం నాడు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఈ ఇంట్లో మాత్రం కాన్పుకు ఉంచొద్దని నాయనతో చెప్పు మే," అంది. తిరుపతిలో ఆసుపత్రి ఉంది, ఆడ డాక్టరు ఉంది. కానీ కనుమ మీదుగా వచ్చే, పెట్రోలు కరువులో బొగ్గుగ్యాసుతో నడిపే బస్సు చెడిపోయి మూలపడింది. ఎద్దులబండిలో అంతదూరం కుదుపులకు ఓర్చుకునే స్థితి కాదు. చివరికి నాయన తొట్టిలో బొంత పరిచాడు. అక్కకు తోడుగా, పాయింట్లు చూడటానికి నన్ను వెనక ఎక్కించుకున్నాడు.

తెల్లవారుజామున చల్లగాలిలో వెళ్లాం. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. చల్లగా ఉన్నంతసేపే దాని బుద్ధి, తిరిగి వచ్చేది ఎండలో. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

అక్క అత్తగారు పంచాంగం చూపించి పెట్టింది. మేము పోయి కాళ్లు కడుక్కునేలోపే, "అన్నా, ఘడియ దాటిపోతా ఉండాది. అన్నం మళ్లీ తిందురు గానీ, ముందు బండి గడప ముందర నుంచి కదలనీ," అంది. నాయన ఇంజను అంటించి బండిని వీధిలోకి తెచ్చాడు. అక్క ఇంకా లోపలే ఉంది. పసుపు, కుంకుమ, ఒడి నింపడం, ఇరుగుపొరుగు ముత్తైదువలు ఒక్కొక్కరే రావడం. నాయన ఇంజను ఆపబోయాడు.

"ఆపొద్దన్నా. మంచి ఘడియలో ఎత్తిన బండి ఆపితే ఎట్లా?" అంది అత్తగారు.

"ఆడనీలే అత్తా, పెట్రోలు నువ్వు పోపిస్తావు గదా," అన్నాడు అరుగు మీది ఎదురింటాయన. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

బండి ఎండలో నిలబడి ఆడుతూనే ఉంది. కదిలే బండికైతే గాలి తగులుతుంది. నిలబడ్డదానికి ఏముంది? నేను పక్కకు చేరి చేతివేళ్ల వెనకభాగం డబ్బాకు ఆనించాను. ఆనించి ఉంచలేకపోయాను. అంతమంది మగవాళ్ల ముందు వెళ్లి నాయన చెవి దగ్గర, "ఆపేద్దాం నాయనా, కాలిపోతా ఉండాది," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, గడప వైపు చూశాడు. "ఇప్పుడాపితే మీ అక్కను పంపరు," అన్నాడు నెమ్మదిగా.

కిరసనాయిలు మాట ఎత్తలేదు. ఆయనకూ అన్నీ తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది.

అక్క వచ్చి తొట్టిలో కూర్చుంది. ఒడిలో బియ్యం, కొబ్బరిచిప్పలు. ఊరు దాటేలోపే బండి ఒకసారి దగ్గింది.

"ఏమ్మే, ఇట్ల దగ్గతా ఉండాది?"

"కిరసనాయిలు కలిపింటారు," అన్నాను.

కనుమ ఎక్కుతుండగా దగ్గు ఎక్కువైంది. సగం ఎత్తులో, ఒక వంపు దగ్గర, బండి ఆగిపోయింది. ఇంజను మోత పోయాక అడవి ఒక్కసారిగా మా మీదికి వచ్చినట్టయింది. ఆకులు రాలిన చెట్లు, కాలిన గడ్డి వాసన. ప్లగ్గు విప్పి చూశాను. రవ్వ లేదు. నాయన తన్నుతూనే ఉన్నాడు. అక్క నడుము మీద చెయ్యి వేసుకుని, "పట్టేసినట్టుగా ఉండాది," అంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

వంపుకు అవతల రోడ్డు పనివాళ్లు కంకర కొడుతున్నారు. వాళ్లలో ఒక ముసలమ్మ సుత్తి చేతపట్టుకునే వచ్చింది.

"ఏమబ్బా, గుర్రం మొండికేసిందా?" అని నవ్వబోయి, తొట్టిలోకి చూసి ఆగింది. "ఎన్నో నెల?"

"తొమ్మిది," అన్నాడు నాయన.

"బిరీన గట్టు దాటించుకో సామీ. ఈడ పొద్దుగూకితే చిరత తిరగతాది."

నాయన మళ్లీ కాలు ఎత్తాడు. "తన్నొద్దు నాయనా, సల్లారనీ," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆయన కాలు దించి రాయి మీద కూర్చున్నాడు. ముసలమ్మ కుండలోని నీళ్లతో తువ్వాలు తడిపి, చుక్క లేకుండా పిండి, మూతలోకి తేమ పోకుండా డబ్బా చుట్టూ కప్పాను. తువ్వాలు వెంటనే వెచ్చబడింది. మళ్లీ తడిపాను. అట్లా చాలాసేపు. కొండనీడ రోడ్డుమీదికి పాకింది.

"ముగ్గురి బరువుతో ఎక్కదు," అన్నాడు నాయన, ఎవరితోనో అన్నట్టు.

"ఆ పాపను ఈడ వదిలిపో. మా రాళ్లబండి పని కాంగానే గట్టు దాటి ఆ పక్కకు దిగతాది. నా కూతుర్ల నడుమ కూసోబెట్టుకుంటా. నేనేం తినను లే," అంది ముసలమ్మ.

నాయన నా ముఖంలోకి చూశాడు. నేను కార్డు ముక్క తీసి సందు చూసి, మూత బిగించాను. ఈసారి ప్లగ్గు చివర సన్నగా రవ్వ పడింది. బండి అంటుకుంది. అక్క వెనక్కి తిరిగి చూడబోయింది, కానీ అంత కడుపుతో తిరగలేకపోయింది.

కంకరకుప్ప పక్కన కూర్చుని ఆ మోత వింటూ ఉన్నాను. బండి ఒక వంపు తిరిగితే మోత సన్నగిల్లేది, ఇంకో వంపులో మళ్లీ పైకి లేచేది. మోత వినిపిస్తున్నంతసేపు అక్క ముందుకు పోతున్నట్టు. శిఖరం దగ్గరికి చేరి ఉంటారనగా అది టక్కున తెగిపోయింది.

"గట్టు దాటింటాది," అంది ముసలమ్మ.

"దాటితే గూడా ఆ పక్క లోయలో మోగాల గదా," అంది ఆమె కూతురు. ముసలమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది. సుత్తుల చప్పుడు మధ్య సందుల్లో చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు.

పని ముగిశాక రాళ్లబండిలో బయలుదేరాం. ప్రతి వంపుకూ ముందు కళ్లు మూసుకుని, తర్వాత తెరిచాను. రోడ్డు ఖాళీగా ఉంది. శిఖరం మీద కూడా ఖాళీగా ఉంది. దిగుడులో ఒకచోట దుమ్ములో చక్రాల జాడ లోయ అంచుదాకా వెళ్లి మళ్లీ రోడ్డుకు వచ్చింది. అది ముసలమ్మ కూడా చూసింది, నన్ను తన ఒడివైపు లాక్కుంది.

కనుమ దిగాక మొదటి ఊళ్లో, ఒక ఇంటి ముందు మా బండి నిలబడి ఉంది. తొట్టి ఖాళీ. నాయన దాని పక్కనే నేలమీద కూర్చున్నాడు. రాళ్లబండి ఆగకముందే దూకాను.

"లోపల మజ్జిగ తాగతా ఉండాది. నొప్పి తగ్గింది. నువ్వొచ్చేదాకా కదలనంటాది," అన్నాడు. తర్వాత, "గట్టుమీద నేనే ఆపేసినా. ఇంజను లేకుండా బ్రేకు మీదనే జారుకుంటా దిగినాం. ఆ గాలికి డబ్బా సల్లారతాదని," అన్నాడు.

బాగా చీకటి పడ్డాక తిరుపతి ఆసుపత్రి ముందు అక్కను దించాం. మరుసటి రోజు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు. ఇంటికి వచ్చి మాగ్నెటో విప్పి ఇరుసు తిప్పబోతే తిరగలేదు. లక్క కరిగి కారి, చల్లారాక పార్సిలు మీది లక్కముద్రలాగా లోపల గడ్డకట్టేసింది. నాయన దాన్ని చాలాసేపు చేతిలో పెట్టుకుని కూర్చుని, తర్వాత గోనెసంచిలో వేశాడు.

పురిటిస్నానం అయ్యాక ఒక మధ్యాహ్నం అక్క నన్ను అడిగింది. "అది ఆగిపోతాదని నీకు ముందే తెలుసునా?"

తెలుసన్నాను. నాయనకూ తెలుసన్నాను.

అక్క బిడ్డ తల నిమిరింది. "చెప్పింటే గూడా ఎక్కేదాన్నే మే. ఆ ఇంట్లో మా తోడికోడలు పోయిన గది నువ్వు చూళ్లా," అంది.

బిడ్డకు అయిదో నెలలో అక్క అత్తగారు పంచాంగం చూపించి కబురు పంపింది. బస్సు మళ్లీ నడుస్తోంది. అక్క బిడ్డను ఎత్తుకుని అందులో వెళ్లిపోయింది.